సగానికి ఇగిరిన నీళ్లు

మార్చి 3

తనూజక్కకు,

నేను ఓబుళేశు. హాస్టల్లో బాగుండావా? టైపు కొట్టేది రాదు. నోటితో చెప్తే ఫోనే రాసుకుంటాంది. తప్పులుంటే నవ్వొద్దు.

అమ్మ నడుము ఇంకా వంగింది. గుడ్డలు ఆరేసేకి చెయ్యి పైకి లేయల్యా. బోరు నీళ్లల్లో ఫ్లోరైడు ఉండాదని, అదే ఎముకలకు పట్టిందని ఆసుపత్రోళ్లు చెప్పిన్యాటి నుంచి నేనేం ఊరికే లేనక్కా. మన జేజవ్వ కషాయం కాంచినట్ల నాలుగు చెంబులు పోసి, రెండయ్యేదాకా ఇగరబెట్టి అమ్మకు తాపుతాండా. దసరాకు నువ్వూ చూసినావు గదా. ఆరు నెల్లాయ. ఇంకా ఎందుకు తగ్గల్యా?

నువ్వు బైపీసీ. ఎముకకు పట్టింది ఊడొచ్చే మార్గముందా? నేను ఏడులోనే ఆపేసినా, సుళువుగా చెప్పు.

నీ తమ్ముడు

మార్చి 4

ఒరే ఓబులూ,

నవ్వల్యాలేరా. పరమాణువు చుట్టూ ఎలక్ట్రాన్లు వరసల్లో ఉంటాయి. బయటి వరసలో ఎనిమిదుంటే దానికి నెమ్మది. ఫ్లోరినుకు ఏడే. ఆ ఒక్కదాని కోసం యాడ దొరికితే ఆడ గుంజుకుంటాది. అప్పుడది ఫ్లోరైడు. ఎముకలో కాల్షియం రెండు ఇచ్చేసి ఉంటాది. ఇచ్చినోడూ తీసుకున్నోడూ ఒకర్నొకరు గట్టిగా పట్టుకుంటారు. అదే అయానిక బంధం. విడిపించే మందు మా పుస్తకంలో లేదు. సార్‌ను అడిగి చెప్తా.

అక్క

మార్చి 7

అక్కా,

మూడు దినాలాయ. సార్ ఏమన్యాడు? కంపకట్టెలు శానా తెచ్చినా. ఇప్పుడు నాలుగు చెంబులు ఒక్కటయ్యేదాకా ఇగరబెడ్తాండా. తొందరగా నయమైతాదని.

ఓబుళేశు

మార్చి 7

ఓబులూ, ముందు పొయ్యి ఆర్పు.

సార్‌ను ఆ పొద్దే అడిగినా. రాయాలని ఫోను తీస్తాండా, మళ్లా పెట్టేస్తాండా. ఆవిరయ్యేది నీళ్లేరా. ఫ్లోరైడు పోదు. నాలుగు చెంబుల్లోదంతా ఆ ఒక్క చెంబులోనే ఉంటాది. ఎముకకు పట్టింది రాదంట. ఇంక పట్టకుండా చూసుకునేదే.

నీ తప్పు గాదు. దసరాకు చూసి మంచిపని చేస్తాండావని నేనే అంటి. కోయిలకుంట్లలో ఫిల్టరు నీళ్లు తేరా.

తనూజ

మార్చి 19

తనూజక్కకు,

పొయ్యి ఆర్పినా. అమ్మకు గూడా చెప్పినా. "నీళ్లే గదరా తాపినావు, ఏడుస్తావేంది, పోయి మొగం కడుక్కోపో" అన్యాది.

దినామూ కోయిలకుంట్ల నుంచి ఒక క్యాను తెస్తాండా. సైకిలు మింద ఒక్కటే నిలబడ్తాది. అమ్మ తాగేకి, అన్నం వండేకి సరిపోతాది. నాకు బోరు నీళ్లే. నువ్వు అరుస్తావని ఇన్నాళ్లూ చెప్పల్యా. నావి లేత ఎముకలు, పట్టేకి శానా ఏండ్లు పడ్తాది గదక్కా?

పొద్దున లేస్తానే మోకాళ్లు బిగుసుకుంటాండాయి. క్యాను బరువుకేమోలే. అమ్మతో అనొద్దు.

ఉంటా,
ఓబుళేశు