కుడి వెనక తలుపు మీద గీత

గువ్వా, నా తల్లీ,

ఫోనులో చెప్పలేక ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో అయితే నువ్వు ఏడుస్తుంటే నేను నవ్వుతాను, నీకు ఒళ్లు మండుతుంది. నిన్న నీతో మాట్లాడి పెట్టేశాక మీ అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "పిల్ల ఉద్యోగం మీదికి వస్తే ఆ ఇకిలింపు ఏమిటండీ, మతి పోయిందా?" అంది. పోయిందన్నాను. నిజంగానే పోయిందమ్మా, సంతోషంతో. ఎందుకో చెబుతాను, మధ్యలో ఆపకుండా చదువు.

మన ఊరి డాక్టరుగారు తన పాత కారు అమ్మదలచుకున్నారు. అది ఎంత పలుకుతుందో చూసి చెప్పమని మీ ఆఫీసువాళ్లు నిన్ను పంపారు. నువ్వు ఒక్కదానివే వెళ్లి ధర కట్టిన మొదటి బండి అదే. కంపెనీ వేసిన రంగు అలాగే ఉంటే, పెచ్చులూడినా, తుప్పు తొంగిచూస్తున్నా, అలాంటి పాత బండికే ఎక్కువ ధర అని నువ్వు ఇదివరకు చెప్పావు. ఎవడి చెయ్యీ పడకపోవడమే దాని విలువన్నావు. బళ్లకి రంగులు వేసి నిన్ను చదివించినవాణ్ణి, నా చెయ్యి పడితే ధర పడిపోవడమేంటని ఆరోజు లోపల చివుక్కుమంది. నీతో అనలేదు.

నలభై ఏళ్లలో ఈ కారు మీద ఒక్క బొట్టు రంగు పడలేదని డాక్టరుగారు ఒట్టేసి చెప్పారు. నువ్వేమో కుడి వెనక తలుపుకి మళ్లీ రంగు పడిందని రాసి, ఆయన అనుకున్న ధరలో అయిదో వంతు కోసేశావు. ఆయన అగ్గిమీద గుగ్గిలమై మీ మేనేజరుకి ఫిర్యాదు చేశారు. రంగు మందం కొలిచే మిషను పెడితే నాలుగు తలుపులకీ ఒకే లెక్క వచ్చింది. "మిషనుకి దొరకనిది నీకెలా దొరికిందమ్మా? సోమవారంలోగా రుజువు తే. లేకపోతే తప్పయిందని రాసిచ్చి మళ్లీ ఫైళ్ల బల్ల దగ్గరికి పో" అన్నాడతను.

రాసివ్వకు. ఆ తలుపుకి రంగు వేసింది నేనే.

అప్పటికి నువ్వు పుట్టలేదు. డాక్టరుగారు వారం రోజులు ఊళ్లో లేరు. ఆయనకి తెలియకుండా బండి నడపడం నేర్చుకోవాలని వాళ్లావిడ తాళాలు తీసుకుని బండి కదిలించి, ఆ తలుపుని గేటు స్తంభానికి రాసేసింది. పరుగున మా షెడ్డుకి వచ్చి, "ఆయన వచ్చేలోగా బాగుచెయ్యి నాయనా. ఈ సంగతి నీ కడుపులోనే ఉండాలి" అంది. మాటిచ్చాను. లోపలినుంచి చిన్న సుత్తితో తట్టితట్టి చొట్ట తీశాను. ఎక్కడా లప్పం పెట్టి పూడ్చలేదు, పాత రంగు గీకేసి అంతే మందాన కొత్తది వేశాను, అందుకే మిషను మోసపోయింది. రంగు కలిపి ఎండలో ఆరబెట్టి చూడటం, పారబోయడం, మళ్లీ కలపడం. కొత్త మెరుపు కనబడకుండా రెండు రోజులు గుడ్డతో రుద్ది దానికి వయసు పట్టించాను. ఆఖరున అద్దాల కిందుగా వెంట్రుకంత సన్నగా తెల్ల గీత లాగాను. డాక్టరుగారు వచ్చి చుట్టూ తిరిగి, తుడిచి, లోపలికి వెళ్లిపోయారు. నా జన్మలో అంత బాగా చేసిన పని ఇంకోటి లేదు. అదొక్కటే ఎవరికీ చెప్పుకోలేనిది. మీ అమ్మకి కూడా చెప్పలేదు.

నిన్న నువ్వేమన్నావు? అదే వైపు ముందు తలుపు మీద గీత వెనక లావుగా మొదలై ముందుకి సన్నబడిందనీ, ఈ తలుపు మీద ముందునుంచి వెనక్కి సన్నబడిందనీ, వేసినవాడిది ఎడమచేతివాటం అయ్యుంటుందనీ అన్నావు. అక్కడ ఒక్క క్షణం ఆగావు కూడా. నా ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని చూసుకున్నానమ్మా. దొరికిపోయినందుకు ఇంత సంబరపడ్డ దొంగ ఎక్కడా ఉండడు.

నీకు చెప్పడంతో మాట సగం తప్పాను. రేపు వెళ్లి డాక్టరుగారి భార్యని అడుగుతాను. ఒప్పుకోకపోతే మిగతా సగం కూడా తప్పుతాను. మీ మేనేజరు ముందు నిలబడి నేనే చెబుతాను.

మీ నాన్న

---

నా గువ్వకి,

ఒప్పుకుంది. నన్ను గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది ఆవిడకి. సంగతి వినగానే, "అయ్యో రామా, ఇన్నాళ్లూ దాన్ని దాచుకునే ఉన్నావా? నేను గేటు గుద్దిన సంగతే మరిచిపోయాను" అంది. నేను మోసిన బరువు చూశావా. అక్కడే గట్టిగా పిలిచింది, "ఏమండీ, ఇలా రండి, ఆ పిల్ల చెప్పింది నిజమే" అని.

డాక్టరుగారు నమ్మలేదు. భూతద్దం తెచ్చుకుని తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. "వారం వారం నేనే తుడుస్తానయ్యా దీన్ని" అంటూ గీత పొడుగునా వేలు పోనిచ్చారు. నేను తలుపు అంచున రబ్బరు పట్టీ ఊడదీసి చూపించాను. పాత రంగు ఎక్కడ ఆగిందో, నాది ఎక్కడ మొదలైందో ఆ పట్టీ కిందే తెలుస్తుంది. ఆయన చాలాసేపు చూసి, భార్య వైపు తిరిగి, "అయితే డ్రైవింగు భయమని నాచేత ఊరంతా తిప్పించుకున్నది ఇందుకా?" అన్నారు. "ఒకసారి గుద్దాక మళ్లీ ముట్టుకుంటానా?" అంది ఆవిడ.

మీ మేనేజరుకి ఆయనే ఫోను చేశారు. అతను మధ్యాహ్నానికల్లా వచ్చి పట్టీ కింద చూసి, "మీ అమ్మాయి కన్ను మా మిషనుకి పెట్టాలండీ" అన్నాడు. డాక్టరుగారు నువ్వు రాసిన ధరకే అమ్ముతారట. తన బండి గురించి తనకన్నా బాగా తెలిసిన పిల్ల ఆ ధర రాసిందని కొనేవాడికి చెబుతారట.

ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరం వచ్చి ఉంది. నాది నీకు చేరకముందే రాశావు. "చూడగానే అది నీ చెయ్యేనని తెలిసింది నాన్నా. చెబితే దొంగచాటుగా రంగేశావని నిన్ను అంటారు. అందుకే ఎవరో పనివాడు అని రాశాను. పోతే ఈ కుర్చీ పోనీ, మళ్లీ తెచ్చుకుంటాను" అని. మీ అమ్మ రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి సగంలో తనే లాక్కుని చదివింది.

నా మీద మాట పడుతుందని నోరు కట్టుకున్నావు, కానీ ధర మాత్రం ఒక్క పైసా పెంచి రాయలేదు. ఇదమ్మా నన్ను నేలమీద నిలవనివ్వనిది. ఎదురింటివాళ్లకి చెప్పాను. రొట్టెల కొట్టతనికి చెప్పాను. అతను, "మీ అమ్మాయి మీ పనిని పట్టుకుని ధర తగ్గించిందా, దానికింత పొంగిపోవడమా?" అన్నాడు. పాపం, అతనికి పిల్లల్లేరు.

ఒక్కటి అడుగుతాను, కాదనకు. నువ్వు ధర కట్టి రాసిన ఆ కాగితం బండితోపాటే ఎప్పటికీ ఉంటుందన్నావు కదా. అందులో ఎవరో పనివాడు అన్నచోట కొట్టేసి నా పేరు రాయి, ఇంటిపేరుతో సహా. కింద నీ సంతకంలోనూ అదే ఇంటిపేరు. చదివేవాళ్లు రెండూ కలిపి చూసుకుంటారు.

దొరికిపోయిన
మీ నాన్న