అత్తగారి ఏసీ

ఫిబ్రవరి 3

ఈ డైరీ సిమెంటు కొట్టువాడు ఊరికే ఇచ్చాడు. ఇల్లు కట్టించుకున్న ప్రతివాడికీ ఇస్తాడట. ఇల్లు పూర్తయ్యేసరికి మనిషి చేతిలో పెన్ను తప్ప ఇంకేమీ మిగలదని వాడికి తెలుసు. పదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి. నా రాత నేనే కూడబలుక్కుని చదవాలి. కాబట్టి ధైర్యంగా ఏమైనా రాసుకోవచ్చు.

ఈరోజుతో డాబా మీద పని అయిపోయింది. స్లాబు మీద తెల్ల టైల్స్ ముక్కలు పరిచాం. అన్నీ నా పాత సామాన్ల కొట్టులోవే, ఎవరెవరి బాత్రూముల్లోనో పగలగొట్టినవి. ఎండ వచ్చిన దారినే వెనక్కి పోతుందట. మేస్త్రికి నచ్చలేదు. బాత్రూము వెల్లకిలా పడుకున్నట్టుందన్నాడు. మిట్టమధ్యాహ్నం అతన్ని పక్కింటి నల్లటి డాబా మీద చెప్పుల్లేకుండా ఓసారి నిలబడి రమ్మన్నాను. ఎగురుకుంటూ వచ్చి మా డాబా మీద నిలబడ్డాడు. ఆ తరవాత బాత్రూము ఊసెత్తలేదు.

ఫిబ్రవరి 20

కొత్తింట్లో దిగాం.

ఈ ఇంటికి ప్లాను గీసిన ఇంజనీరమ్మ గది గదికీ తిప్పి నాకు పాఠం చెప్పింది. నా కొట్టులో కొన్ని తలుపులకి ఆ పిల్లకన్నా వయసెక్కువ. అయినా నోరు మూసుకుని విన్నాను. పడమటి గోడ రెండు వరసలు, మధ్యలో ఖాళీ. అటువైపు కిటికీ లేదు. సముద్రం వైపు పెద్ద కిటికీలు, వాటికి ఎదురుగా మళ్ళీ కిటికీలు. వేడిగాలి పైకెక్కి పోవడానికి సీలింగు కింద వెంటిలేటర్లు. గాలి కూడా చుట్టంలాంటిదే, రావడానికి దారి ఉంటే చాలదు, పోవడానికీ చూపించాలి అంది. సాయంత్రం గాలి తిరిగే వేళ కిటికీలు మూశారంటే ఇది ఇల్లు కాదు, పెట్టె అని మరీ మరీ చెప్పి వెళ్ళింది.

కిటికీలన్నీ కూల్చేసిన ఒక బడివి. ఒక రెక్క మీద ఎవడో 'లెక్కల సారు దున్న' అని చెక్కాడు. దాన్ని చిత్రిక పట్టించమంది మా ఆవిడ. కుదరదన్నాను. మా ఇంట్లో ఉన్న సాహిత్యమంతా అదే.

చూడ్డానికి వచ్చిన వాళ్ళందరి ముందూ ఈ ఇంటికి ఫ్యాన్లు చాలు, ఏసీ ఈ గడప తొక్కదు అని ప్రకటించాను. ఊరుకోక మీసం మీద చెయ్యి కూడా వేశాను.

మార్చి 8

మీసం మీద చెయ్యి వెయ్యకుండా ఉండాల్సింది.

బావమరిదికి బదిలీ అయింది. అక్కడ వాడికిచ్చింది ఒకటే గది. ఇన్నాళ్ళూ వాడి దగ్గరున్న అత్తగారు ఇక ఉంటే మా దగ్గర ఉండాలి, లేదా మా ఆవిడ అక్కగారింట్లో. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: ఏసీ గది. పదేళ్ళుగా దానికింద తప్ప నిద్రపోలేదట. అక్కగారింట్లో గదికొకటి ఉంది. మా ఆవిడ ఒకే దుప్పటిని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. చివరికి, ఇన్నేళ్ళకి అమ్మ నా ఇంట్లో ఉంటుందనుకున్నాను అంది.

నిజం చెప్పొద్దూ, ఆవిడ రావాలని నాకూ ఉంది. నన్ను బోల్తా కొట్టించిన మనిషి ఈ లోకంలో ఆవిడొక్కరే. పెళ్ళయిన కొత్తలో ఆవిడ కళ్ళజోడు ఫ్రిజ్‌లో దాచాను. మర్నాడు ఆవిడ నా బూట్లలో ఒకదాన్ని తీసేసి అచ్చం అలాంటిదే ఒక సైజు చిన్నది పెట్టారు. కాలు వాచిందనుకుని నేను డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను.

మార్చి 10

ఐడియా తట్టింది. రాస్తుంటేనే నవ్వొస్తోంది.

మార్చి 14

కొట్టులో ఒక ఏసీ డొక్క పడి ఉంది. లోపల ఏమీ లేదు, ఉత్త ప్లాస్టిక్కు. తుడిచి పాలిష్ పెడితే పెళ్ళికొడుకులా తయారైంది. లోపల చప్పుడుకి ఒక పాత కంప్యూటర్ ఫ్యాన్ బిగించాను. పిల్లలాడుకునే రిమోట్ కారు విప్పి, నొక్కితే పచ్చ లైటు వెలిగేట్టు కలిపాను. బ్యాటరీ పెట్టె బీరువా వెనక దాచాను. నమ్మకంగా ఉండటానికి గోడకి బెజ్జం పెట్టి బయటికో పైపు కూడా వేలాడదీశాను.

మా ఆవిడకి చెప్పాను. ముసలావిడకి వడదెబ్బ తగిలితే ఏం చేస్తారంది. ఇల్లు చల్లగా లేకపోతే మర్నాడే నా చేత్తో నిజం ఏసీ పెట్టిస్తాను, మీసం తీసేస్తాను అన్నాను. మీసం ఎవరిక్కావాలి అంది. గది మాత్రం తనే తుడిచింది.

మార్చి 22

అత్తగారు వచ్చారు. ఇల్లంతా చుట్టూ తిరిగి చూశారు. గదిలోకెళ్ళి రిమోట్ నొక్కారు. పచ్చ లైటు. సన్నగా చప్పుడు. కాసేపు దాన్నే చూసి, బాగుంది అల్లుడుగారూ, చప్పుడు కూడా ఎక్కువ లేదు అన్నారు. నేను వంటింట్లోకి పారిపోయి నోట్లో తువ్వాలు కుక్కుకున్నాను.

మార్చి 23

హాయిగా నిద్రపట్టిందట. దుప్పటి కూడా కప్పుకున్నారట.

ఏప్రిల్ 2, సాయంత్రం 4

కొంప మునిగింది. ఏసీ వేసుకున్నవాళ్ళు కిటికీలు మూసుకుంటారు! ఈ ముక్క నాకు ఎందుకు తట్టలేదు? సముద్రపు గాలి బయట కిటికీ కొడుతోంది. లోపల అత్తగారు గడియలు బిగించి, వెంటిలేటర్ల తాళ్ళు కూడా లాగేసి కూర్చున్నారు. గది పొయ్యిలా ఉంది. ఈ ఏసీకి ఏదో జబ్బు చేసింది, మెకానిక్కుని పిలిపిస్తారా, నన్ను పెద్దమ్మాయి దగ్గరికి పంపిస్తారా అని అడుగుతున్నారు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

సాయంత్రం 6

ఇది కొత్త మోడల్ అని చెప్పాను. కిటికీలు తెరిస్తేనే పనిచేస్తుందని చెప్పాను. బయటి గాలి పీల్చుకుని చల్లబరుస్తుందన్నాను. నోటికొచ్చింది వచ్చినట్టు చెప్పాను.

అత్తగారు శ్రద్ధగా విన్నారు. సైన్సు ఎంత పెరిగిపోయిందో అన్నారు. లేచి ఒక్కొక్క కిటికీ తెరిచారు. క్యాలెండరు కాగితాలు ఎగిరాయి. చెమట ఆరాక, ఇప్పుడు పనిచేస్తోంది అల్లుడుగారూ అన్నారు.

ఏప్రిల్ 17

సముద్రం పక్కన ఇల్లంటే పసిపిల్లని సాకినట్టే. ఉప్పుగాలికి కిటికీల బందులు పట్టేస్తున్నాయి. వారం వారం గ్రీజు పెడుతున్నాను. డాబా మీద దుమ్ము పేరుకుంటే తెలుపు తగ్గుతుందని, తగ్గితే కింద వేడి దిగుతుందని ఇంజనీరమ్మ చెప్పింది. పొద్దున్నే చీపురు పట్టుకుని పైకెక్కుతున్నాను. రోడ్డు మీద పోయేవాళ్ళు మీ బాత్రూము చాలా పెద్దదండీ అంటున్నారు. మేస్త్రి ప్రచారం.

ఉప్పు ఏసీని కూడా వదల్లేదు. లోపలి ఫ్యాన్ తుప్పుపట్టి ఆగిపోయింది. బయటి పైపు ఊడి పడిపోయింది. చప్పుడు లేదేమని అత్తగారు అడగలేదు. నేను చెప్పలేదు.

ఏప్రిల్ 29

అత్తగారు రోజూ కిటికీ గట్టు మీద గుప్పెడు నూకలు చల్లుతున్నారు. కాలక్షేపం కాబోలు.

మే 18

ఏ దిక్కు నుంచి మొదలుపెట్టాలో తెలీడం లేదు.

పొద్దున కరెంటు పోయింది. మధ్యాహ్నమైనా రాలేదు. వీధి వీధంతా అట్టముక్కలతో విసురుకుంటూ గుమ్మాల్లోకి వచ్చేసింది. పక్కింటివాళ్ళు మా వరండాలో చాప పరుచుకున్నారు. ఫ్యాన్ తిరక్కపోయినా ఇక్కడ ప్రాణం హాయిగా ఉందన్నారు. నేను గాల్లో నడుస్తున్నాను.

సరిగ్గా అప్పుడే బావమరిది దిగాడు. ఎండలు ముదిరాయి, అమ్మ తట్టుకోలేకపోతే పెద్దక్క దగ్గర దింపుదామని సెలవు పెట్టి మరీ వచ్చాడు. తిన్నగా గదిలోకెళ్ళాడు. అత్తగారు నిద్రపోతున్నారు. ఊరంతా కరెంటు లేదు. గోడ మీద ఏసీకి పచ్చ లైటు వెలుగుతోంది.

బావా, ఇదేంటన్నాడు. ఇన్వర్టరన్నాను. ఫ్యాన్లు తిరగడం లేదేమన్నాడు. అది ఏసీకి మాత్రమే అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు. వాడు స్టూలు లాగి, ఎక్కి, డొక్క మీద చెయ్యి వేశాడు. మా ఆవిడ కళ్ళు మూసుకుంది. ఇంకేముంది, అత్తగారు పెట్టె సర్దుకుంటారు, మా ఆవిడ జన్మలో నాతో మాట్లాడదు అనుకున్నాను.

"దిగరా," అన్నారు అత్తగారు కళ్ళు తెరవకుండానే. "లోపల బాలింత ఉంది."

అందరం చెవులు రిక్కించాం. కిచకిచ. నేను పెట్టిన బెజ్జంలోంచి దూరి పిచ్చుక గూడు కట్టింది. పిల్లల్ని కూడా పొదిగేసింది.

అత్తగారు లేచి కూర్చున్నారు. "పదేళ్ళు ఏసీ కింద పడుకున్నదాన్ని అల్లుడుగారూ. ఇంటి వెనక ఏసీ డబ్బా లేదు, పైపు కింద చుక్క నీళ్ళు లేవు. వచ్చినరోజే చూశాను."

మరి ఆ కిటికీలు మూసుకోవడమేమిటని అడిగాను.

"మీరేం చెబుతారోనని. సైన్సు బాగా చెప్పారు."

బావమరిది స్టూలు మీదే కూలబడి నవ్వాడు. మా ఆవిడ నవ్వుతూ ఏడ్చింది, లేకపోతే ఏడుస్తూ నవ్వింది. కాసేపయ్యాక వాడు అసలు సంగతి అడిగాడు, పెద్దక్క దగ్గరికి వస్తావా అని. పిల్లలు ఎగిరేదాకా ఎక్కడికీ రానన్నారు.

ఎగిరాక? ఆ మాట ఎవరూ అడగలేదు.

మే 19

లైటు వల్ల పిచ్చుకలకి ఇబ్బందేమోనని బ్యాటరీలు తీసేశాను.

మే 27

అత్తగారు నా చేత బ్యాటరీలు తెప్పించుకున్నారు. రేడియోకట. ఆవిడకి రేడియో ఉందని నాకు తెలీదు.

జూన్ 1

బెజ్జంలోంచి ఒక తల బయటికొచ్చి లోకాన్ని చూసి లోపలికెళ్ళిపోయింది. మా ఆవిడ కూడా రోజూ వాటినే చూస్తోంది. ఇంకో నాలుగు రోజులు కూడా ఎగరకపోతే బాగుండునంది. బందులకి గ్రీజు పెట్టాను. పని లేకపోయినా పెట్టాను.

జూన్ 3, ఉదయం

గూడు ఖాళీ. అత్తగారి సంచీ మంచం మీద ఉంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ రిమోట్ తీసి నొక్కారు. పచ్చ లైటు వెలిగింది.

"ఏసీ వేశాను అల్లుడుగారూ, కిటికీ తెరవండి."