ఆఖరున తినేదెవరు?

ఏర్పేడు

నాయనా,

నేను బాగున్నాను, ఉద్యోగమే బాగాలేదు. ఏడాది చివర ఏడో తరగతికి సమానత్వం పాఠం చెప్పి, ‘మీ ఇంట్లో ఆఖరున తినేదెవరు?’ అని హోంవర్కు ఇచ్చాను. అందరూ ‘అమ్మ’ అనే రాశారు. తండ్రులు బడి మీదికొచ్చారు.

“మా కొంపలో తిండి సంగతి నీకెందుకప్పా? పరీక్షకొచ్చేది సెప్పు సాలు” అన్నాడొకాయన.

హెడ్మాస్టరు ఆ పేజీలు చింపించాడు. వచ్చే ఏడు నన్ను రావద్దన్నాడు. సమానత్వం పరీక్షకు మాత్రమేనట! పేజీ చింపుతూ రూపశ్రీ అనే పిల్ల, “మీ ఇంట్లో ఎవరు సార్?” అంది. సాయంత్రం పోస్టాఫీసుకెళ్లి ఈ కార్డు కొన్నాను.

తోటలో మామిడి పిందె నిలిచిందా? అమ్మ మోకాళ్లెలా ఉన్నాయి? శనివారం వస్తాను. సంగటి ముద్ద ముందు అమ్మకు పెట్టాలి. కాదంటే నాకూ కంచం వద్దు.

చెల్లికి దీవెనలు. ఈ కార్డు అమ్మకు నువ్వే చదివి వినిపించు.

నీ కొడుకు,
గుణశేఖర్