సూదుల గదికి ఎర్ర ట్యాగు కట్టిన నేరం

క్యాన్సర్ ధర్మాసుపత్రి సూపరింటెండెంట్ గారి సముఖమునకు, భిలాయి.

ఖుర్సీపార్ నివాసి, ఉక్కు కర్మాగారపు రిటైర్డ్ ఎలక్ట్రీషియన్ పతివాడ సింహాద్రి సమర్పించుకొను అర్జీ.

విషయం: నేను చేసిన తప్పుకు నా భార్య కన్నమ్మకు ఆపివేసిన ఆక్యుపంక్చర్ సూదులను తిరిగి ఇప్పించుట గురించి.

అయ్యా,

1. నా భార్య తమ ఆసుపత్రిలో కీమో తీసుకొనుచున్నది. మందు ఎక్కినప్పటి నుండి ఆమె కడుపులో ఏదియు నిలుచుట లేదు. పోపు వాసన తగిలినా వాంతి, మంచినీళ్లు తాగినా వాంతి. నా ముఖం చూసినా వికారమేనని ఆమె చెప్పును గాని, అది కీమోకు చాలా ముందు నుండి ఉన్నదే.

2. మాత్రలతోపాటు సూదులు కూడా పెట్టించుకొమ్మని డాక్టర్ అపర్ణ గారు సలహా ఇచ్చిరి. ఇవి క్యాన్సరును తగ్గించవని, వికారం మాత్రం కొంత తగ్గించవచ్చునని, మాత్రలు మానరాదని ముందే స్పష్టపరచిరి. మణికట్టు దగ్గర, మోకాలి కింద, వెంట్రుకంత సూదులు. కరెంటు లేని తీగ ఏం పని చేయునని నేను ఎగతాళి చేసితిని. ఆ సాయంత్రం కన్నమ్మ అరగిన్నె గంజి తాగి, దానిని కడుపులోనే ఉంచుకొన్నది. నా ఎగతాళిని నేను వెనక్కి తీసుకొంటిని.

3. ఇక నేరం సంగతి. తమ భోజనాల బండి సూదుల గదిలోంచే వార్డులోకి పోవును. ఒకనాడు పప్పు తడ్కా ఘాటుకు కన్నమ్మ సూదులతోనే లేచి బేసిను కోసం పరుగెత్తినది. బండిని వేరే దారిన పంపమని వేడుకొనగా, వార్డులో "దేఖేంగే", అనగా చూద్దాములే అనిరి. ఎవరూ దేఖలేదు. కావున మరుసటిసారి, ఆమెకు సూదులు పెట్టి అపర్ణ డాక్టరమ్మ పక్క వార్డుకు వెళ్లగానే, తలుపు గొళ్లేనికి కర్మాగారం నాటి నా పాత ఎర్ర ట్యాగు కట్టితిని: "మనుషులు పనిలో ఉన్నారు. స్విచ్ వేయరాదు. – సింహాద్రి." తరువాత గంజి తెచ్చుటకు ఇంటికి పోతిని. దారిలో స్కూటరు పంచరైనది.

4. కర్మాగారంలో లోపల మనిషి పనిలో ఉండగా ఎవరూ కరెంటు వేయకుండా స్విచ్చుకు కట్టు ఈ ట్యాగును కట్టినవాడే విప్పవలెను. జనరల్ మేనేజరైనా దాన్ని ముట్టడు, ముట్టితే లోపలి మనిషి మసి. తమ గార్డు తాతబ్బాయి రోలింగ్ మిల్లులో కాంట్రాక్టు పని చేసినవాడు. సూదులు తీయుటకు వచ్చిన డాక్టరమ్మను, ఆ పైన సాక్షాత్తు తమరిని గుమ్మంలోనే ఆపినది అందుకే. "జిస్‌నే లగాయా, వహీ నికాలేగా సాబ్" అన్నాడట. తమరు ఉద్యోగం ఊడుతుందని గద్దించగా, "ఉద్యోగం పోతే పోనీండి బాబూ, ట్యాగున్న తలుపు తియ్యడానికి నాకు చెయ్యి రాదు" అన్నాడట. అతనిని ఏమీ అనవద్దు. అతని చేతిలో ఎందరి ప్రాణాలో నిలిచినవి.

5. సూదులున్న మనిషిని గదిలో పెట్టి తలుపు మూయించుట బుద్ధి ఉన్నవాడు చేయు పని కాదు. ఒప్పుకొంటిని. అయితే నేను వచ్చి ట్యాగు విప్పేసరికి లోపల కన్నమ్మ గురక పెట్టుచున్నది. ఎన్నో వారాల తరువాత పట్టిన నిద్ర. "ఏటి బాబూ ఈ గలాటా? మనిషిని తొంగోనివ్వరేటి?" అని ఆమె తమరిని కసిరినమాట వాస్తవమే. తమరెవరో ఆమెకు తెలియదు. తెలిసినా కసిరేది.

6. తమరు వెంటనే ఆమె సూదులు ఆపుచూ ఆర్డరు వేసిరి. ట్యాగు కట్టినది నేను, కక్కుకొనునది ఆమె. సోమవారం మళ్లీ కీమో. "సూదుల్లేకపోతే ఆ మందు నాకొద్దు" అని గోడవైపు తిరిగి పడుకొన్నది. నాకు భయంగా ఉందయ్యా. అది రాయడానికి ఆఫీసు భాష నాకు రావడం లేదు.

కావున నన్ను గేటు బయట ఎండలో నిలబెట్టండి, జన్మలో లోపలికి రానివ్వకండి, ఆమెకు మాత్రం సూదులు పెట్టించండి. తమరు చిత్తగించి, కోపం తగ్గిన పిమ్మట మరొక్కసారి చిత్తగించవలెను.

ఆ ఒక్క పూట తప్ప ఎల్లప్పుడూ
తమ విధేయుడు,
పతివాడ సింహాద్రి

తా.క.: ఇదంతా కన్నమ్మకు చదివి వినిపించాను. "నీ గొడవంతా రాసినావు, నా మాటేదీ?" అని ఇలా రాయమంది: "సూదులెడితే ఇంత గంజి తాగొస్తాను. ఎట్టకపోతే కక్కుకుంటా వస్తాను. సోమారం మాత్రం నానొస్తాను." ఈ ముక్క రాస్తే అర్జీకి బలం పోతుందే, ఊరుకో అన్నాను.

"నాకు బతకాలనుంది. అదీ రాయి" అంది.

రాశాను.