ఎండలో ఆరిన బూజు

మంగళవారం, పడుకునే ముందు

నిరుడు నులిపురుగులు పడి పసుపు వేళ్లన్నీ బుడిపెలు కట్టాయి. చేను పండలేదు. అందుకే ఈసారి, ఆ పురుగులను చంపే బూజు పొడిని జగిత్యాల నుంచి తెచ్చి, పశువుల ఎరువులో కలిపి, కొట్టం నీడలో తడిగోనెల కింద పెంచుతున్నాను.

ఇవాళ కోరుట్ల వెళ్లొచ్చేసరికి మామ ఆ ఎరువంతా మండుటెండలో పరిచాడు.

"బూజు వట్టింది బిడ్డా, ఆరబోసిన. ఇగ ఖరాబు గాదు," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

ఆ ఎండకు బూజు బతకదు. కానీ అత్తమ్మ పోయినప్పటి నుంచి మంచం దిగని మనిషి, ఇవాళే పార పట్టాడు.

"మంచిగైంది మామా," అన్నాను.

"రేపు నేను గూడ చేన్లకస్త. ఇద్దరం సల్లుదాం."

రాత్రి మారు అన్నం అడిగి పెట్టించుకున్నాడు. రేపు చచ్చిన ఎరువునే చల్లాలి. చల్లుతాను. పసుపు వేళ్లు మాత్రం...