బట్టీకి రోకలి కావాలి

పర్సుడీహ్,
ఏప్రిల్ 2004

అమ్మా, ఇక్కడ అందరం బాగున్నాం, నా మీద కోపంతోనైనా నువ్వూ బాగుండాలి.

నేను సారా కాస్తున్నానని నువ్వు విన్నది నిజమే. కూరగాయల సాగు కలిసిరాలేదు. పొలం గట్టు మీది ఇప్పచెట్లు మాత్రం ఏటా పువ్వు రాలుస్తూనే ఉన్నాయి. ఆ పువ్వుతో సారా కాయడానికి లైసెన్సు తీసుకునే బట్టీ పెట్టాం. పొయ్యిలోకి ఎండుపుల్లలే, ఒక్క కొమ్మా నరకలేదు. మిగిలిన పిప్పి గేదెలకు పెడతాం.

నిన్న సరుకు కొనే షావుకారు, మన శ్రీకాకుళంవాడే, నవాసారం పొట్లం తెచ్చాడు, దొంగసారాలో కలిపే ఆ విషపు ఉప్పే. "ఇదేత్తే ఊట బేగి పొంగుతాది వదినా, అందరూ ఏత్తన్నదే" అంటూ నేను వద్దనేలోపే పువ్వు పులుస్తున్న కుండలో పోసేశాడు. ఆ కుండ అతని ముందే పగలగొట్టాను.

"పిచ్చెక్కిందేటి?" అని అరిచాడు.

"నానెవలి కూతుర్నో నీకు తెల్దేటి?" అన్నాను.

నాన్నను పొట్టన పెట్టుకున్నది అలాంటి సారాయే. నా బట్టీలో అది కాగదు. బట్టీ మాత్రం ఆర్పను.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? తమ్ముడికి నా దీవెనలు. అసిరయ్య మామ వచ్చేటప్పుడు చింతపండు పంపు. ఊళ్లో సారా కొట్టు మీదికి వెళ్లి నువ్వు కుండలు పగలగొట్టిన రోకలి కూడా పంపు. నిన్న నేను రాయితో కొట్టాల్సి వచ్చింది.

నీ పైడమ్మ