మేకుకు వేలాడిన కోటు

అయోవా, సోమవారం

చెల్లీ ఇర్మా,

నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు. శనివారం మా గ్యారేజీలో మూడిళ్లవాళ్లం కలిసి పాత సామాన్లు అమ్మకానికి పెట్టాం. ఎవరి డబ్బు వాళ్లకు చేరేలా ఇంటికో రంగు ధర చీటీ, మాది పసుపు. చలికాలంలో చనిపోయిన మీ బావ కోటు ఇంకా ఆ గోడ మేకుకే ఉంది. దానికి మాత్రం నేను చీటీ అంటించలేదు.

మధ్యాహ్నం చూస్తే మేకు ఖాళీ.

"చీటీ వేయడం మర్చిపోయావే పిచ్చిదానా! నేనే పసుపుది అంటించా, ఇట్టే పోయింది," అంది పక్కింటి బెర్నీస్ సంబరంగా.

"మంచిపని చేశావు," అన్నాను. ఇంకేమంటాను? పొద్దుటినుంచీ నాకోసం గ్యారేజీ బయట ఎండలో నిలబడింది.

నీ మోకాలు ఎలా ఉంది? పిల్లలకు ముద్దులు. పోయినేడు మీ బావ మీ ఇంట్లో మర్చిపోయిన చేతితొడుగులు పంపించు. ఉతకకు.

మీ అక్క
ఆల్మా